పడే పలకను పట్టుకోకు

ఏప్రిల్ 2

డాక్టరమ్మ ఆ మాట తన నోటితోనే అంది. "ఇప్పుడు బావున్నావు. మాత్రలు మెల్లగా తగ్గిద్దాం." మెల్లగా అన్నప్పుడు పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది, నేనేదో చెవిటిదాన్నయినట్టు. మొత్తం నాలుగు నెలలట. ఇప్పుడు వేసుకునేది మానేసి కాస్త చిన్నది, తర్వాత ఇంకా చిన్నది. కోపం రావొచ్చు, తలలో జలదరింపులు రావొచ్చు, దాచుకోకుండా ఫోన్ చెయ్యమంది. కోపం నాకు కొత్తా, నా బొంద! అద్దాల షాపులో నా పేరే సూరేకారం. పంతొమ్మిదేళ్ళ కిందట నేను పనిలో చేరిన వారంలోనే షాపు నడిపే మామయ్య, మా అమ్మ అన్న, పెట్టాడు.

పరీక్షలైపోయి నా కూతురు పిచ్చుక నా దగ్గరికొచ్చి రేపటికి వారం. దిగులు జబ్బుతో నేను మంచం దిగలేని ఏడు నెలలూ దాన్ని అక్కే పెంచింది. తెచ్చి దింపి, మొహం మీదే చెప్పింది.

"బడి తెరిచేదాకా చూస్తానే. నువ్వు నిలబడితే దాన్ని ఇక్కడి బళ్ళోనే చేర్పిద్దాం. ఏమన్నా తేడా వచ్చిందో, వచ్చి తీసుకుపోతా. తర్వాత నన్ను తిట్టుకో, కొట్టుకో, నీ ఇష్టం."

బడి జూన్ పదిహేనున తెరుస్తారు. డాక్టరమ్మ లెక్కన మాత్రలు అయ్యేది ఆగస్టులో. కుదరదు. అక్క వచ్చి అలమర తెరిచేసరికి అందులో మాత్రల డబ్బా ఉండకూడదు.

ఏప్రిల్ 4

మందుల షాపావిడ చిన్న సైజు లేదంది. వారం పడుతుందట. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?

ఇంటికొచ్చి బల్ల తుడుచుకుని కూర్చున్నాను. పన్నెండు మిల్లీమీటర్ల గాజుని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసేదాన్ని, వేలి గోరంత మాత్రని కోయలేనా? పైన నున్నటి పూత ఉంది, జారుతుంది. బ్లేడుతో ఒక్క గీత గీసి బొటనవేళ్ళతో నొక్కాను. టక్! నాలుగో వంతు విడిగా వచ్చింది. కోసినచోట అంచు రాసే రాయి మీద రెండుసార్లు రుద్ది సమం కూడా చేశాను. పిచ్చుక పక్కన కూర్చుని చూసింది.

"అచ్చం అద్దం కోసినట్టే కోశావమ్మా" అంది.

మరి! ముప్ఫై మాత్రలు అలాగే కోసి ముప్పావు ముక్కల్ని సీసాలో పోశాను. వారం తర్వాత మళ్ళీ షాపుకి వెళ్ళే పనే లేదు.

ఏప్రిల్ 7

పిచ్చుకని షాపుకి తీసుకెళ్ళాను. సెలవులు కదా, ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తుంది. మామయ్య దాన్ని ఎత్తుకుని స్టాండులన్నీ చూపించాడు. తొమ్మిదేళ్ళ పిల్లని ఎత్తుకునే వయసా ఆయనది! నడుము పట్టేస్తుందని అరిస్తే వినడే.

షాపులో అడుగుపెట్టిన ఎవరికైనా మొదటిరోజు రెండు సూత్రాలు చెప్తాం. నాకు మామయ్య చెప్పాడు, దానికి నేను చెప్పాను.

ఒకటి. గాజు పలకని ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి ఇచ్చేటప్పుడు అవతలివాళ్ళు "పట్టాను, వదులు" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా వదలకూడదు.

రెండు. పడే పలకని పట్టుకోకూడదు. ఎంత ఖరీదైందయినా, ఎవరిదయినా. రెండు చేతులూ పైకెత్తి వెనక్కి అడుగెయ్యాలి, అంతే. పోయేది పలకే, వేళ్ళు కాదు.

పిచ్చుక చేత పదిసార్లు చేయించాను. నేను "పడింది!" అనడం, అది చేతులెత్తి వెనక్కి గెంతడం. మామయ్య నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. ఎంత మంచి రోజు!

ఏప్రిల్ 12

మాత్ర తగ్గించి ఎనిమిదో రోజు. ఉదయం బంగారం. సాయంత్రం కొంచెం చిరాకు. ఎండలు.

ఏప్రిల్ 15

కళ్ళు పక్కకి తిప్పితే చాలు, తలలో టప్పుమని కరెంటు కొడుతోంది. నాలుగు దాటాక మొదలైంది. గాజు కోసే కట్టర్ చక్రాన్ని కిరసనాయిలులో ముంచుతుంటే మూడుసార్లు కొట్టింది. గీత వంకర పోయింది. గాజు మీద గీత ఒక్కసారే గియ్యాలి, దాని మీద మళ్ళీ గీస్తే గాజూ పోతుంది కట్టరూ పోతుంది. తెలిసి తెలిసి మళ్ళీ గీశాను. పలక అడ్డదిడ్డంగా విరిగింది.

ఇంటికొచ్చి టీ గ్లాసుని గోడకేసి కొట్టాను. ఎందుకో రాయాలంటే కారణం లేదు. టీ వేడిగా ఉంది. టీ వేడిగా ఉండటమే కారణం అనుకో.

పిచ్చుక చీపురు తెచ్చింది.

ఏప్రిల్ 16

ఉదయం చాలా బావుంది. ఇద్దరం పాటలు పాడుకుంటూ షాపుకి నడిచాం. నిన్నటిది ఎండవల్లే.

ఏప్రిల్ 21

ఫోటో ఫ్రేముల మనిషి వచ్చాడు. నోట్లో ఎప్పుడూ పుల్ల. నేను కోసిన అద్దం ఒక మిల్లీమీటరు పెద్దదయిందట. నేను కోసింది! ఒక మిల్లీమీటరు!

"నీ ఫ్రేమే చిన్నది" అన్నాను.

"ఏంటమ్మా, మొన్నటిదాకా మంచం మీదున్నావని విన్నాను. చేతులింకా కుదురుకోలేదా?" అన్నాడు పుల్ల నములుతూ.

సుత్తి తీసుకుని వాడి అద్దం మీద దింపాను. తర్వాత పక్కదాని మీద. తర్వాత దాని పక్కదాని మీద. అవి వాడివి కూడా కావు. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో ఇక్కడ కాబట్టి రాస్తున్నాను. ఆరోదాని దగ్గర మామయ్య వెనకనుంచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ మనిషి అప్పటికే రోడ్డు మీద పరుగెడుతున్నాడు. పుల్ల మాత్రం గుమ్మంలో పడి ఉంది.

వాడి పుర్రె మీద దించలేదు కదా. అదే గొప్ప. నన్ను నేను మెచ్చుకున్నాను.

ఏప్రిల్ 22

మామయ్య గాజుముక్కలు ఊడుస్తూ "మీ అమ్మకీ ఇంతే కోపం" అన్నాడు. అబద్ధం. అమ్మ చీమని కూడా తొక్కేది కాదు.

ఏప్రిల్ 28

ఈ రోజునుంచి సగం మాత్ర. సరిగ్గా మధ్యలో కోశాను.

డాక్టరమ్మ పద్ధతిలో అయితే సగానికి ఇంకా నెల ఉంది. డాక్టరమ్మకి అక్క లేదు.

మధ్యాహ్నం కునుకు పట్టి కల వచ్చింది. కలలో షాపు నిండా మనుషులు, అందరి మొహాలూ అద్దాలే. నేను ఒక్కొక్కళ్ళనీ జుట్టు పట్టుకుని బల్లకేసి కొడుతున్నాను. చెమటలు కక్కుతూ లేచాను. లేచాక కూడా చేతులు పిడికిళ్ళే.

మే 1

ఉదయం బంగారం. ఉదయం నన్ను చూస్తే ఎవరూ ఏమీ అనలేరు. అక్క ఉదయంపూట వస్తే బావుండు.

సాయంత్రమయితే ఇంట్లో వస్తువులన్నీ కావాలని చప్పుడు చేస్తాయి. కుళాయి కూడా. తన్నాను. ఇప్పుడు ఇంకా ఎక్కువ కారుతోంది.

మే 3

పాలు ఒలికాయి. అంతే జరిగింది. పిచ్చుక గ్లాసు తీస్తుంటే చెయ్యి జారి పాలు నేల మీద ఒలికాయి. సాయంత్రం అయిదున్నర.

నేను అరిచాను. ఏమరిచానో రాయను.

అది ఏం చేసిందంటే, రెండు చేతులూ పైకెత్తి వెనక్కి ఒక అడుగేసింది. అలా నిలబడిపోయింది. పోలీసుల ముందు దొంగ నిలబడ్డట్టు. నన్నేదో రాక్షసిని చేసి! ఇంత పిల్లకి ఎంత వెటకారం! ఒళ్ళు మండిపోయింది. "దించు చేతులు" అన్నాను. దించలేదు. "దించమన్నానా!" దించలేదు. మోచెయ్యి పైన పట్టుకుని కిందికి లాగాను. లాగి ఊపాను. ఎంతసేపు ఊపానో తెలీదు. దాని తల ముందుకీ వెనక్కీ ఊగుతోంది, అరవడం లేదు.

వదిలేశాక బాత్రూంలోకి వెళ్ళి నా తల గోడకేసి కొట్టుకున్నాను. నాలుగుసార్లు. నాలుగోసారికి తలలో కరెంటు ఆగింది.

మే 4

దాని జబ్బ మీద నాలుగు మచ్చలు. వెనక ఒకటి, నా బొటనవేలు.

షాపులో మామయ్య అడిగితే "తలుపు తగిలింది తాతయ్యా" అంది. అలా చెప్పమని నేను అనలేదు.

చెప్పొద్దనీ అనలేదు.

మే 5

ఉదయం దానికి జడ వేశాను. రెండు జడలు.

మే 10

అక్క ఫోన్. "ఎలా ఉందే పిల్ల?"

"బ్రహ్మాండం" అన్నాను.

"నువ్వో?"

"నాకేం? సగం మాత్ర మీదున్నా. జూన్ కల్లా అదీ ఉండదు. నువ్వే వచ్చి చూద్దువుగాని."

"తొందరెందుకే? నేనేమన్నా మాత్రలు మానెయ్యమన్నానా?" అంది అక్క.

అనలేదా? అన్నట్టే గుర్తు. వెనక్కి తిరగేసి చూశాను, నేనే రాసుకున్నది. "నువ్వు నిలబడితే" అనే ఉంది. సర్లే. పైకి అనకపోయినా దాని అర్థం అదే.

మే 11

ఏమీ జరగలేదు.

మే 12

ఏమీ జరగలేదు. రెండు గిన్నెలు, అంతే.

మే 17

పావు మాత్ర. ఇంత చిన్నదాన్ని కోయడం ఇంకెవరి తరం కాదు. గర్వంగానే ఉంది, ఎందుకు అబద్ధమాడాలి.

పిచ్చుక ఇప్పుడు నా పక్కన కూర్చోవడం లేదు. గుమ్మం దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. అక్కడ గాలి బాగా వస్తుంది.

మే 19

రాయాలని లేదు. అయినా రాస్తాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దేనికి.

సాయంత్రం అయిదు. మంగలిషాపు వాళ్ళ నిలువుటద్దం, మనిషికంటే ఎత్తు. స్టాండు దగ్గర నేను, బల్ల దగ్గర మామయ్య. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో పిచ్చుక. పలక ఎత్తి ఆయన వైపు తిప్పాను. తలలో కరెంటు ఒకటే కొడుతోంది, టప్ టప్ టప్.

అప్పుడే ఎత్తాలా మామయ్య ఆ మాట! "ఏమే, పిల్ల జబ్బ మీద మచ్చలు పచ్చబడ్డాయి, చూశావా? తలుపుకి అయిదు వేళ్ళుంటాయంటే నేనెప్పుడూ వినలేదే."

మెల్లగానే అన్నాడు. పిచ్చుక వినకుండా.

"పట్టు" అన్నాను.

"ఆగు, గ్లవ్స్ సరిచేసుకోనీ. నేనింకా పట్టలే..."

వదిలేశాను.

జారిపోలేదు. జారిపోయిందని అందరికీ చెప్పాను, ఆసుపత్రిలో నర్సుకి కూడా అదే చెప్పాను. ఇక్కడ చెప్పను. నేను వదిలేశాను. చావు, పట్టుకో చూద్దాం అనుకుని వదిలేశాను.

పలక ఆయన మీదుగా వెనక్కి వాలింది. వెనక పిల్ల ఉందని ఆయనకి తెలుసు. నలభై ఏళ్ళుగా పడే పలకని పట్టుకోకండర్రా అని ఊరందరికీ చెప్పిన మనిషి, చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. అది చేతి మీదే పగిలింది. మణికట్టునుంచి మోచేతి దాకా తెరుచుకుంది. లోపల తెల్లగా ఏదో కనపడింది, తర్వాత ఎర్రగా తప్ప ఏమీ కనపడలేదు. నేల మీద అద్దం ముక్కలన్నిట్లో రక్తం, నా మొహం.

"పిల్ల, పిల్లని చూడు" అంటున్నాడు.

పిల్ల ఎప్పుడో వెనక్కి అడుగేసింది. రెండు చేతులూ పైకి. ఒంటి మీద గీత కూడా లేదు. కానీ దాని కళ్ళు పలక మీద లేవు, తాతయ్య మీద లేవు. నా మీద ఉన్నాయి.

మే 20

మామయ్యకి ముప్ఫై ఒక్క కుట్లు. చిటికెనవేలు, దాని పక్కది ముడుచుకోవడం లేదు. నరం తెగిందట. వస్తుందో రాదో తెలీదట.

"పలక జారిందే, జారుతుంది, గాజు కదా" అన్నాడు నాతో. నర్సు అటు తిరిగాక నా మొహంలోకి చూశాడు. ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చాక, పగలే, ఇంకా పన్నెండు కాకుండానే, పిచ్చుకని అడిగాను. దూరంగా నేల మీద కూర్చుని అడిగాను.

"నేను అరిస్తే చేతులెందుకు ఎత్తుతావు? నన్ను వెక్కిరించడానికా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి?"

"నువ్వేగా చెప్పావు. పడేదాన్ని పట్టుకోకూడదు, చేతులెత్తి వెనక్కి వెళ్ళాలని." మళ్ళీ అంది, "పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళకముందు నువ్వు ఏడుస్తుంటే పట్టుకునేదాన్ని కదా. అప్పుడు తగిలేది కాదు. ఇప్పుడు తగులుతోంది."

 

మే 21

మందుల షాపుకి వెళ్ళాను. ఆవిడ మీద అరుద్దామనే వెళ్ళాను. నీ మాత్రలు రాకపోబట్టే కదా అందామని.

"చిన్న సైజు వచ్చి నెల దాటింది, నువ్వే రాలేదు. ఇన్నాళ్ళూ ఏం వేసుకుంటున్నావు?" అంది.

సీసా తీసి కౌంటర్ మీద ఒంపాను. నా పావు ముక్కలు, అంచులు రాసినవి. ఆవిడ ఒకదాన్ని వేలి మీద పెట్టుకుని వెలుతుర్లోకి తిప్పింది. మొహం మారిపోయింది.

"ఎవరు కోశారమ్మా ఇంత నున్నగా?"

"నేనే" అన్నాను. అప్పుడు కూడా ఆ గర్వం పోలేదు, థూ!

"ఇది కోసే మాత్ర కాదమ్మా. ఈ పూత ఉంది చూడు, దీని పనే రోజంతా మందుని కొంచెం కొంచెంగా వదలడం. కోస్తే ఆ లోపలున్నదంతా పొద్దున్నే ఒక్కసారి దిగిపోతుంది. సాయంత్రానికి ఒంట్లో ఏమీ మిగలదు. రోజూ సాయంత్రం నీకు మందు మొత్తం ఆపేసినట్టే అయ్యుంటుంది. ఎలా బతికావు తల్లీ? అట్ట మీద రాసే ఉంటుంది కదా, విరవకూడదని."

అట్ట నేను చదవలేదు. ఎవడైనా అద్దం కొని అట్ట చదువుతాడా అని. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆవిడే డాక్టరమ్మకి ఫోన్ కలిపి ఇచ్చింది. ముందు వేసుకున్న పూర్తి మాత్ర మళ్ళీ మొదలెట్టమంది డాక్టరమ్మ. కుదుటపడ్డాక అప్పుడు మళ్ళీ మెల్లగా. ఈసారి బల్ల చప్పుడు వినపడలేదు. "పిల్ల బావుందా?" అని మాత్రం అడిగింది. నిజం చెప్పాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. మాత్ర చేసింది, నేను కాదు. ఎంత తేలికయిన మాట! అక్కకి చెప్పాలి, మామయ్యకి చెప్పాలి, ఫ్రేముల మనిషిని పిలిచి మరీ చెప్పాలి. షాపు ముందు నిలబడితే లోపల బల్ల మీద మామయ్య గ్లవ్స్ కనపడ్డాయి. ఎడమదాన్ని నిలువునా చీల్చి ఉంచారు, ఆసుపత్రిలో కోసి తీశారు కదా. మాత్ర కోపం తెచ్చింది, ఒప్పుకుంటాను. "ఇంకా పట్టలేదు" అన్న మాట నా చెవిన పడింది. పడ్డాక వదిలాను. మాత్రని కోసింది నేను, జబ్బ పట్టుకుని ఊపింది నేను, వదిలింది నేను. చేతులు మూడుసార్లూ నావే.

అక్కకి ఫోన్ చేశాను.

"వచ్చి తీసుకుపోవే" అన్నాను.

 "ఏం చేశావే?" అంది.

మొత్తం చెప్పాను. ఈ పుస్తకం ముందేసుకుని తేదీలవారీగా చదివాను. "ఏమీ జరగలేదు" అని రాసిన రోజులు ఏం జరిగాయో కూడా చెప్పాను.

మే 24

అక్క ఉదయం బండికే వచ్చింది. నన్ను తిట్టలేదు. పిల్ల చొక్కా చేతులు పైకి మడిచి జబ్బ చూసింది, మళ్ళీ దించింది. నా కూతురి బట్టలు నేనే సర్దాను.

బస్సు దగ్గర పిచ్చుక కుడి చెయ్యి నా చేతిలో, ఎడమ చెయ్యి అక్క చేతిలో. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. వదలాలి. వదలలేకపోతున్నాను. ఏడుపొస్తోంది, ఏడిస్తే అది చేతులెత్తుతుందేమోనని భయం. బస్సు టైరుని తన్నాలని ఉంది. ఆ డ్రైవర్ని కిటికీలోంచి లాగాలని ఉంది. దవడ బిగించి నిలబడ్డాను.

పిచ్చుక నా మొహం చూసింది. అక్క చెయ్యి చూసింది. షాపులో నేర్పినట్టే, గట్టిగా, అందరికీ వినపడేలా అంది.

"పెద్దమ్మ పట్టిందమ్మా. వదులు."

వదిలాను.

మే 30

పూర్తి మాత్ర, తొమ్మిదో రోజు. సాయంత్రం అయిదయింది. ఆరయింది. కుళాయి కారుతూనే ఉంది. రేపు మనిషిని పిలిపించి బాగుచేయించాలి.

జూన్ 6

మామయ్య షాపుకొచ్చాడు. పలకకి నేను ఒకవైపు, ఆయన ఒకవైపు. ఆ చేత్తో పట్టు లేదు, ముంజేతి మీద ఆనించుకుంటున్నాడు. నాతో మళ్ళీ పలక పడతాడని నేను అనుకోలేదు.

"పట్టాను, వదులు" అన్నాడు.

వదల్లేకపోయాను. ఇంకో రెండుసార్లు అన్నాక వదిలాను.

"ఏమే సూరేకారం, సాయంత్రం దాకా ఇక్కడే నిలబెడతావా?" అన్నాడు.

జూన్ 15

ఈ రోజు బడి తెరిచారు. పిచ్చుకది అక్క ఊళ్ళో.

జూన్ 21

ఆదివారం. అక్క పిచ్చుకని తీసుకుని వచ్చింది. సాయంత్రం అయిదింటికి వెళ్ళిపోతామని ముందే చెప్పింది, నేనే ఆరింటిదాకా ఉండమన్నాను. ఆ అయిదు దాటిన గంట దానికి చూపించాలని. నాకూ చూసుకోవాలని.

అయిదుంపావుకి టీ పెడుతుంటే గిన్నె తగిలి చెయ్యి కాలింది. "అబ్బా!" అని గట్టిగా అరిచాను.

వెనక్కి తిరిగి చూస్తే పిచ్చుక ఒక అడుగు వెనక్కేసి ఉంది. చేతులు లేస్తున్నాయి. భుజాల దాకా లేచి ఆగాయి. ఎత్తాలో దించాలో తెలీక నన్నే చూస్తోంది.

దించమనలేదు. స్టవ్ ఆపి, నేను కూడా ఒక అడుగు వెనక్కేసి, నా రెండు చేతులూ పైకెత్తాను.

వంటింట్లో ఆ మూల అది, ఈ మూల నేను, చేతులెత్తుకుని నిలబడ్డాం. గుమ్మంలోకొచ్చిన అక్క నోరు తెరుచుకుని చూస్తోంది. చాలాసేపే నిలబడ్డాం, నా జబ్బలు నొప్పెట్టాయి. ముందు అదే నవ్వింది.